సకల జనులకు తెలియవలసిన సంతోషము

ధ్యానభాగము: ఫిలిప్పీయులకు 4:1–5, అపొ. కార్యములు 16:19–34



అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన పత్రిక నాలుగే అధ్యాయములు. నింపాదిగా చదివినను అరగంట పట్టదు. ఆ చిన్న పత్రికలో సంతోషము, సంతోషించుట అను మాటలు గ్రీకు మూలములో సుమారు 16 మారులు కనబడుచున్నవి. వ్రాయుచున్నవాడు ఎక్కడనున్నాడు? సంకెళ్లలోనున్నాడు. బ్రదుకుదునో చత్తునో తేలని స్థితిలోనున్నాడు. వెలుపలనున్నవారు చెరలోనున్నవానికి ధైర్యము చెప్పుట లోకమర్యాద. ఇక్కడనైతే చెరలోనుండి వెలుపలికి ధైర్యము వచ్చుచున్నది.

నాలుగవ అధ్యాయము 4వ వచనమును మన ఇండ్లలో గోడపటములమీద చూచుచున్నాము. పెండ్లి శుభలేఖలమీదను, క్యాలెండర్లమీదను చూచుచున్నాము. దానికి ముందున్న 2వ వచనమును మాత్రము ఎవరును పటము కట్టించుకొనరు. అందులో యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీల పేరులున్నవి. ఇద్దరును సువార్త పనిలో పౌలుతో కూడ ప్రయాసపడినవారే. ఏమి వచ్చెనో గాని ఒకరికొకరు ఎడమొగము పెడమొగమైరి. ఏ సంగతిమీద కలహము పుట్టెనో పౌలు వ్రాయలేదు. వ్రాయకుండుటయే మేలాయెను, వ్రాసియుండినయెడల ఇన్ని వందల యేండ్లుగా మనమందరము చెరియొక పక్షము చేరి తీర్పు చెప్పుచుందుము! సంఘమంతయు కూడియున్నప్పుడు ఈ పత్రిక చదువబడెను గదా. వారి పేరులు వినబడెను. తల వంచుకొనిరో, ఒకరినొకరు చూచుకొనిరో మనకు తెలియదు. ఆ వెనుకనే ప్రభువునందు ఆనందింపవలెనను ఆజ్ఞ వినబడెను. ఒకమారు చాలదన్నట్లు రెండవమారును వినబడెను. ఆ తరువాతి మాట ఏమనగా, మీ ఓర్పు, మీ సాధుగుణము మనుష్యులందరికిని తెలియవలెనని.

సంఘస్థులకు తెలియవలెనని వ్రాయలేదు. మనుష్యులందరికిని అనెను. అనగా పొలముగట్టు పొరుగువానికి, కిరాణాకొట్టు శెట్టిగారికి, బస్సులో మన ప్రక్కన నిలువబడినవానికి, ఎవరి చేలోనికి కూలికి పోవుదుమో ఆ రైతునకు, ఎవరిని మన చేలోనికి కూలికి పిలుతుమో ఆ బీదరాలికి. వీరు మన మందిరములోనికి వచ్చి ప్రసంగము వినరు. మన వేదమును తెరచి చదువరు. మనలనే చదువుదురు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో పౌలు విశ్వాసులను క్రీస్తు పంపిన పత్రికయనియు, తనవంటి సేవకులను రాయబారులనియు పిలుచుట ఇందుకే. రాయబారి నోరు తెరువకముందే, అతని నడవడినిబట్టి అతని రాజు ఎట్టివాడో ఆ దేశస్థులు లెక్క కట్టుకొందురు.

అయితే ఇక్కడ ఒక పొరపాటును తీసివేయవలెను. సంతోషమనగా ఎప్పుడును పండ్లు కనబడునట్లు నవ్వుచుండుట కాదు. కొన్ని యేండ్ల క్రిందట మా సంఘములో ఒక తల్లికి చేతికి అందివచ్చిన కుమారుడు చెరువులో పడి చనిపోయెను. మూడవనాడు పరామర్శకు వెళ్లినవారిలో ఒకరు, క్రైస్తవులు ఇట్లు ఏడ్వరాదు, సాక్ష్యము చెడునని ఆ తల్లికి బుద్ధి చెప్పిరి. ఆమె కొంగు నోట కుక్కుకొని ఏడుపు ఆపుకొనెను. నేను ఆ అరుగుమీదనే కూర్చుండియుంటిని. అప్పుడే ఆ మాటను ఖండింపవలసినవాడను, ఖండింపలేదు. పలుకవలసినచోట నోరు మెదపకుండుట నాకు పాత జబ్బు. దానిని గూర్చి ముందుకు ఇంకను చెప్పవలసియున్నది.

ఆ తల్లికి అప్పుడు చెప్పవలసిన మాట ఇప్పుడు వ్రాయుచున్నాను. లాజరు సమాధియొద్ద మన ప్రభువే కన్నీరు విడిచెను. సంతోషించుడని ఇన్నిమారులు వ్రాసిన పౌలు ఈ పత్రికలోనే, మూడవ అధ్యాయములో, నేను ఏడ్చుచు ఈ మాట చెప్పుచున్నానని వ్రాసెను. రెండవ అధ్యాయములో ఎపఫ్రొదితు రోగియై చావుకు సిద్ధమైన సంగతి చెప్పి, దేవుడు కనికరించియుండనియెడల నాకు దుఃఖముమీద దుఃఖము కలిగియుండునని ఒప్పుకొనెను. కాబట్టి సంతోషము, దుఃఖము ఒకే గుండెలో కాపురముండగలవు. హబక్కూకు ప్రవక్తయు చేలు పండలేదనియు, చెట్లు కాయలేదనియు, దొడ్డిలో పశువులు లేవనియు మొదట వరుసగా లెక్క చెప్పి, ఆ తరువాతనే ప్రభువునందు సంతోషింతుననెను. పంట పోయిన సంవత్సరమున పంట పోలేదని బొంకుమని దేవుడు మనలను అడుగడు.

మరి ఈ సంతోషము ఇతరులకు ఎట్లు తెలియును? ఫిలిప్పీలోనే జరిగిన సంగతిని చూతము. పౌలును సీలను బెత్తములతో కొట్టి, లోపలి చెరలో త్రోసి, కాళ్లకు బొండవేసి బిగించిరి. మధ్యరాత్రివేళ వారు ప్రార్థించుచు కీర్తనలు పాడుచుండగా ఖైదీలు వినుచుండిరి. ఈ సంగతిమీద మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. అయితే ఒక చిన్న సంగతిని తరచుగా దాటిపోవుచుందుము. చెరసాల నాయకుడు ఆ పాట వినినట్లు లూకా వ్రాయలేదు. అతడు నిద్రపోవుచుండెను! భూమి కంపించినప్పుడే మేల్కొనెను. తలుపులన్నియు తెరచియుండుట చూచి, ఖైదీలు పారిపోయిరనుకొని కత్తి దూసి తన్ను తాను చంపుకొనబోయెను. అప్పుడు చీకటిలోనుండి పౌలు కేకవేసి, నీకు హాని చేసికొనవద్దు, మేమందరము ఇక్కడనే ఉన్నామని చెప్పెను.

ప్రియులారా, ఆ నాయకుని యొద్దకు చేరినది పాట కాదు. తలుపు తెరచియున్నను పారిపోకుండుట అతని యొద్దకు చేరెను. తమ కాళ్లకు బొండ బిగించినవాని ప్రాణము గూర్చి ఆ దెబ్బలు తినినవారికి చింత ఉండెను. పాట తోటి ఖైదీలకు సరిపోయెను. చెరసాల నాయకునికి పాట వెనుకనున్న మనుష్యులు కావలసివచ్చిరి.

అతనికి కలిగిన సంతోషము ఏ వరుసలో వచ్చెనో అదియు చూడుడి. ఆ రాత్రి ఆ గడియలోనే వారిని తీసికొనివచ్చి గాయములు కడిగెను. పిమ్మట అతడును అతని ఇంటివారును బాప్తిస్మము పొందిరి. తరువాత భోజనము పెట్టెను. అప్పుడు ఇంటివారందరితో కూడ ఆనందించెనని వ్రాయబడియున్నది. మొదట నీళ్లు, ఆ పిమ్మట అన్నము, ఆ పిమ్మట ఆనందము. కొన్ని సంవత్సరములకు పౌలు పత్రిక ఫిలిప్పీకి వచ్చి చదువబడినప్పుడు, ఊదారంగు సరకు అమ్మిన లూదియయు, ఈ చెరసాల నాయకుడును ఆ సంఘములో వినుచు కూర్చుండియుందురేమో. సంతోషించుడను మాట ఎవరు వ్రాసినను వారు నమ్ముదురో లేదో గాని, ఈయన వ్రాసిన నమ్ముదురు.

మన తెలుగు దేశములోను ఇట్లే జరిగెను. ఒంగోలుకు పడమట తాళ్లకొండపాడను గ్రామమున యర్రగుంట్ల పేరయ్యగారను ఒక మాదిగ సోదరుడు తోళ్ల వర్తకము చేయుచుండెను. ఆయన 1866లో బాప్తిస్మము పొందెను. ఆయనయు ఆయన భార్య నాగమ్మగారును ఊరూర తమవారికి చెప్పగా, 1867 జనవరిలో చుట్టుపట్ల గ్రామములవారు అన్నము మూటలు కట్టుకొని తాళ్లకొండపాడునకు వచ్చిరి. క్లౌ దొరగారు అక్కడ 28 మందికి బాప్తిస్మమిచ్చిరి. పదునొకండు సంవత్సరములకు, గొప్ప కరవు వెనుక, 1878 జులై 3వ తేదీని వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ రెండవ లెక్క మన సభలలో తరచుగా చెప్పబడును. నాకైతే ఆ మొదటి 28 మందియు ఆ పదునొకండు సంవత్సరములును ఎక్కువ ప్రియము.

ఏలయనగా ఆ విశ్వాసులకు మూడు నియమములు ఉండెను: ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నవి. ఆచరించుటకు? జాతరలో డప్పు కొట్టమని చెప్పిన దినమున ఊరి పెద్దల కోపము వచ్చెను. దెబ్బలు తినినవారు, పని పోగొట్టుకొనినవారు కలరు. అయినను ఆ రైతులకే మరల సోమవారమున చెప్పులు కుట్టియిచ్చిరి. పని స్థలములో చెప్పులు కుట్టుచునే ఒకరితో ఒకరు ప్రభువు సంగతి చెప్పుకొనిరి. ఆ ప్రజలను గూర్చి క్లౌ దొరసానిగారు 1899లో ప్రచురించిన ఇంగ్లీషు గ్రంథమునకు ‘చెప్పులు కుట్టుచుండగా’ అని అర్థమిచ్చు పేరే పెట్టిరి. ఆరె, దారము, తోలు. సువార్త మన తాతల చేతులలో పట్టిన పనిముట్లు ఇవే. మైకు లేదు.

మైకు అంటిని గనుక ఒక మాట. తెల్లవారుజామున నాలుగు గంటలకు మందిరము మీది మైకులు ఊరంతటిని లేపుట మన సంతోషమునకు గురుతని కొందరు అనుకొనుచున్నారు. పరీక్షకు చదువుకొని అప్పుడే పండుకొనిన పొరుగింటి పిల్లవాడు అట్లు అనుకొనడు. నెహెమ్యా 8వ అధ్యాయములో, యెహోవాయందలి ఆనందమే మనకు బలమని జనులకు చెప్పబడిన ఆ వచనములోనే, ఏమియు సిద్ధపరచుకొనలేనివారికి వంతులు పంపుమనియు చెప్పబడెను. క్రిస్మసునాడు అరిసెలు ఇచ్చువారికే మరల ఇచ్చుచు, ఏ పొయ్యి వెలుగలేదో ఆ ఇంటిని దాటిపోవుట నేను చూచితిని. చేసితిని కూడ.

ఇక నా జబ్బు సంగతి.

మాది మిరప పండు ప్రాంతము. సంక్రాంతి దాటినది మొదలు కోతలు సాగును. శ్రమదినములును అప్పుడే వచ్చును గనుక, సాయంకాల ప్రార్థనకు జనులను పిలువవలెనన్న కాపరి మొదట కోత ముగిసెనా అని విచారింపవలెను. మిరపకాయ కోసినవారికి తెలియును. మంట గోళ్ల క్రిందికి దిగును. ఇంటికి వచ్చి మజ్జిగతో కడిగికొన్నను, నూనె రాసికొన్నను తెల్లవారుదాక చల్లారదు. పాలిచ్చు తల్లి బిడ్డను ఎత్తుకొనుటకు భయపడును.

అట్టి కోతల కాలమున ఒక సాయంకాలము ఒక రైతు నన్ను తన కల్లములోనికి పిలిచి టీ ఇచ్చెను. ఆయన మన మతస్థుడు కాడు. మాట సూటిగా చెప్పు మనిషి. ఎదుట ఆరబోసిన కాయలలోనుండి స్త్రీలు తాలుకాయలను ఏరుచుండిరి. ఆయన స్వరము తగ్గించి ఇట్లనెను:

“అయ్యగారూ, ఒక్కమాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ చివర కూర్చున్నది మీ గుడి మనిషే కదా. భర్త పోయి మూడేళ్లు. అప్పు ఎంత ఉందో నాకు తెలుసు, అందులో కొంత నాకే ఇవ్వాలి. అయినా చేలోకి వస్తే పెళ్లింటికి వచ్చినట్టు వస్తుంది. పాట పాడుతుంది. అది సరే, పాట ఎవరైనా పాడతారు. నేను కళ్లంలో లేనప్పుడు కూడా తాలుకాయ మంచికాయలో కలవదు. మొన్న పక్కసాలు మనిషికి బిడ్డ జ్వరంతో ఉంటే, ఆమెను మధ్యాహ్నమే ఇంటికి పంపించి, ఆ సాలు కూడా తనే కోసి, ఆ కాయ ఆమె లెక్కలోనే పోయించింది. నేను చూశానని తనకు తెలియదు.”

నా గుండె నిండెను. సంఘకాపరికి ఇంతకంటె మంచి మాట ఏమి వినబడును? ఆయన అంతటితో ఆపినయెడల నేను నవ్వుమొగముతో ఇంటికి వచ్చియుందును. ఆయన ఆపలేదు.

“ఇంకొకాయన ఉన్నాడు, ముఠా మేస్త్రి. మీ సంఘపెద్ద. ఇరవైమందిని ఆటోల్లో తోలుకొస్తాడు. నేను మనిషికి ఇచ్చే కూలి వేరు, వాళ్ల చేతిలో పడేది వేరు. ఆటో కిరాయి నేను విడిగా ఇస్తాను. అది మళ్లీ వాళ్ల కూలిలో కోస్తాడు. ఆదివారం తెల్లబట్టలతో ముందు వరసలో కూర్చుంటాడట. ఈమె చెప్పింది, గొప్పగానే చెప్పింది. ఇద్దరూ మీ గుడికే వస్తారు. ఈమెను చూస్తే నాకూ ఒకసారి రావాలనిపిస్తుంది. ఆయన్ని చూస్తే వద్దులే అనిపిస్తుంది. మీ దేవుడు ఎవరిలాగా ఉంటాడండీ?”

నాకు జవాబు రాలేదు. టీ చల్లారిపోయెను. పొద్దుపోయినదని చెప్పి లేచి వచ్చితిని.

ఆ పెద్ద మా మందిరపు పైకప్పునకు సిమెంటు బస్తాలు ఇచ్చియుండెను. ప్రసంగము చేయుచు నేను కన్నులెత్తినప్పుడెల్ల ఆ కప్పే కనబడుచుండెను. మూడు ఆదివారములు గడచెను. ఆ మూడు ఆదివారములును నేను సంతోషమును గూర్చియే ప్రసంగించితిని; ఈ ఫిలిప్పీ పత్రికనుండియే! మాటలు వచ్చుచుండెను. పాడునప్పుడు గొంతు మాత్రము నాది కానట్లుండెను. ఇంటిలో నా భార్య, “మీకు ఒంట్లో బాగాలేదా?” అని అడిగెను. బాగుగానే ఉన్నానంటిని. అదియు అబద్ధమే.

చివరకు ఒక రాత్రి ఒంటరిగా ఆయన ఇంటికి వెళ్లితిని. సహోదరుడు తప్పిదము చేసిన మొదట అతనితో ఒంటరిగా మాటలాడవలెనని మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పెను గదా. ఆయనకు మిక్కిలి కోపము వచ్చెను. ఏ మేస్త్రి కోయడు, లోకమంతా చేసేదే నేను చేస్తున్నాను, పని చూపిస్తున్నది నేను కాదా అనెను. సిమెంటు మాట ఆయన ఎత్తలేదు. ఎత్తుట అవసరము లేదు, ఇద్దరికిని తెలియును. తరువాతి రెండు ఆదివారములు ఆయన మందిరమునకు రాలేదు. ముందు వరుసలో ఆయన కూర్చుండు చోటు ఖాళీగా ఉండెను. ఎవరును అక్కడ కూర్చుండలేదు.

సిలువ శుక్రవారమునకు ముందటి రాత్రి ప్రభుబల్ల ఆరాధనకు వచ్చెను. వెనుక గోడకు ఆనుకొని నిలుచుండెను. అందరు బల్లయొద్దకు వచ్చిరి గాని ఆయన రాలేదు. ఆరాధన ముగిసి దీపములు ఆర్పుచుండగా దగ్గరకు వచ్చి, అంగీలోనుండి కూలి లెక్కల పుస్తకము తీసి నా చేతిలో పెట్టి, “ఈ ఏటివి ఉన్నాయి అయ్యగారూ. నిరుటివి సగమే ఉన్నాయి” అనెను.

జక్కయ్య ప్రభువును సంతోషముతో చేర్చుకొని, ఆ తరువాత నాలుగంతలు తిరిగి ఇచ్చెదననెను. మా పెద్ద నాలుగంతలు ఇవ్వలేదు. పుస్తకములో ఉన్నంత ఇచ్చెను, అదియు రెండు వాయిదాలలో ఇచ్చెను. జక్కయ్యకు సంతోషము ముందు, అప్పు తీర్చుట తరువాత. ఈయనకు వరుస తిరుగబడెను. దేవునికి ఏ వరుసయైనను సమ్మతమే అనుకొందును.

ఆయన ఇల్లిల్లు తిరుగునప్పుడు, తాలుకాయ ఏరిన ఆ విధవరాలి ఇంటికిని వెళ్లెను. ఆమె డబ్బు లెక్కపెట్టకుండ కొంగున ముడివేసికొని, “నాకు తెలుసులే అన్నా” అనెనట. తెలిసియే ఆమె ఇన్నాళ్లు పాడెను. తెలిసియే ఆయనను గూర్చి ఆ రైతుతో గొప్పగా చెప్పెను. అయితే ఒక మాట గట్టిగా చెప్పవలెను. ఆమె పాడుచున్నది గనుక ఆమెకు అన్యాయము జరుగలేదని ఎవరును అనుకొనరాదు. బీదవారి సంతోషమును మన దొంగలెక్కలకు కప్పుగా వేసికొనుట దొంగతనముకంటె పెద్ద పాపము. ఆమె నోరు మెదపనందుకు ఆమెకు కారణములుండెను. నాకు ఏ కారణమును లేదు, కప్పు తప్ప.

ఇరువది ఇండ్లలో పందొమ్మిది ముగిసెను. ఒక కుటుంబము అప్పటికే హైదరాబాదుకు ఇండ్ల కట్టుబడి పనులకు వలస పోయెను. మనీయార్డరు పంపుదమా అని అడిగితిని. వద్దనెను. చిరునామా కనుగొని, రాత్రి బస్సెక్కి తానే వెళ్లెను. మూడవనాడు వచ్చి మా గుమ్మములో చెప్పులు విడుచుచు, “రేకుల షెడ్డులో ఉంటున్నారు అయ్యగారూ. అన్నం పెట్టింది” అని మాత్రము చెప్పెను. ఎందుకో ఆ మాట రెండుమారులు చెప్పెను.

కల్లములో నన్ను ప్రశ్నించిన ఆ రైతు ఇంతవరకు మందిరమునకు రాలేదు. ఎదురైనప్పుడు నమస్కారము పెట్టును, అంతే. ఆయన అడిగిన ప్రశ్నకు నేను ఇంకను నోటితో జవాబు చెప్పలేదు.

ఆ తరువాతి సోమవారము కడపటి కోతకు మనుష్యులు ఆటోలు ఎక్కుచుండిరి. ఇంకను వెలుగు రాలేదు. మా ఇంటి ముందునుండి ఆటో కదలగా స్త్రీలు పాట ఎత్తుకొనిరి. వారి స్వరములలో మేస్త్రి స్వరమును వినబడెను. శ్రుతి లేదు. ఆయన గొంతుకు ముందునుండియు శ్రుతి లేదు. ఆటో మలుపు తిరుగువరకు నేను అరుగుమీద నిలువబడి వింటిని.